గర్భస్థ శిశువు – తల్లిదండ్రుల నిర్ణయం

తల్లిదండ్రుల నుండి పిల్లలకు రంగు, రూపు సంక్రమించినట్లే కొన్ని రక్తవ్యాధులు కూడ సంక్రమిస్తాయి. వాటిలో థలసీమియా ఒకటి. రక్తంలో హిమోగ్లోబిన్ తగినంతగా తయారు కాకపోవటం దీని లక్షణం. వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దానివలన శరీరంలో పేరుకొనే ఇనుమును మందులతో తొలగించాలి. ఎముకమజ్జ మార్పిడితో నయమయ్యే అవకాశమున్నా, సరిపోలే దాత అందరికీ లభించడు.

లోపమున్న జన్యువు ఒక్కటే కలవారిని వాహకులంటారు. వారు ఆరోగ్యంగానే ఉంటారు కనుక ఆ సంగతి వారికే తెలియదు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోను బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చినది కనుక తరువాతి ముగ్గురికి రాదనుకోవటం పొరపాటు. దోషమంతా కోడలిదేనని నిందించటం అంతకంటె పెద్ద పొరపాటు. ఈ వ్యాధికి ఇరువురి జన్యువులూ కారణమే.

గర్భం 11వ వారం నుండి మాయలోని కణాలను, 15వ వారం తరువాత ఉమ్మనీటిని సేకరించి జన్యుపరీక్ష చేస్తారు. ఇందులో గర్భస్రావ ప్రమాదం స్వల్పంగా ఉంటుంది. వ్యాధి ఉన్నదో లేదో ఈ పరీక్ష తెలుపుతుంది. ఏమి చేయాలో తెలుపదు. ఇంట్లో అప్పటికే వ్యాధిగ్రస్తుడైన బిడ్డ ఉన్న తల్లి, మరొక బిడ్డకు ఆ బాధ వద్దనుకోవచ్చు. ఈ గర్భాన్ని వద్దనుకొంటే ఉన్న బిడ్డను కూడ వద్దన్నట్లవుతుందేమోనని ఆమే కుమిలిపోవచ్చు. చికిత్సతో చదువుకొని నిలదొక్కుకొన్నవారిని చూసిన తండ్రి గర్భాన్ని నిలుపుకొందామనవచ్చు. మతవిశ్వాసం, ఆర్థికస్థితి, ఆసుపత్రి దూరం, పెద్దల మాట ఈ ఆలోచనలో పాలుపంచుకొంటాయి.

జన్యు సలహాదారు వివరాలు చెప్పాలే కాని తీర్పు చెప్పరాదు. 1994 నాటి చట్టం ప్రకారం ఈ పరీక్షకు గర్భిణి లిఖితపూర్వక సమ్మతి అవసరం. శిశువు ఆడో మగో వెల్లడించటం నేరం. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం 18 ఏళ్ళు నిండిన స్త్రీ విషయంలో భర్త సంతకాన్ని కోరదు. ఆమె సమ్మతే చాలు. 2021 సవరణ తరువాత, పిండలోపం కారణంగా 24 వారాలు దాటి గర్భం తీయించుకొనాలంటే వైద్యమండలి నిర్ధారణ కావాలి. కాబట్టి ఆలోచించుకొనే వ్యవధి స్వల్పం.

ఆ వ్యవధిని పెంచే మార్గం ముందుగా తెలుసుకొనటమే. థలసీమియా విస్తారంగా ఉన్న సైప్రస్‌లో 1980ల నుండి వివాహానికి ముందు రక్తపరీక్ష ధ్రువపత్రాన్ని అక్కడి చర్చి కోరుతూ వచ్చింది. ఇరువురూ వాహకులని తేలిన జంటలలో అత్యధికులు పెళ్ళి మానుకోలేదు. సంగతి తెలిసి ఒకటై, గర్భం ధరించినపుడు పరీక్ష చేయించుకొన్నారు. వ్యాధితో పుట్టే శిశువుల సంఖ్య దాదాపు శూన్యమైంది.

వాహకులను గుర్తించటానికి సామాన్యమైన రక్తపరీక్ష చాలు. పెళ్ళికి ముందు, కనీసం గర్భం ధరించిన తొలి వారాలలో అది జరిగితే దంపతులు నిదానంగా ఆలోచించుకొనగలరు. వారి నిర్ణయం ఏదైనా, దాని భారాన్ని తల్లి ఒక్కతే మోయకుండ చూడటం కుటుంబధర్మం.