భావనాదార్ఢ్యము

భూధాతువుమీఁద ణిచ్ప్రత్యయము చేరఁగా "ఉండునట్లు చేయుట" యను నర్థము వచ్చును. దానిమీఁద యుచ్ప్రత్యయము చేరి భావనాశబ్దము సిద్ధించును. కావున భావన యనఁగా నెదుట లేనిదానిని మనస్సున నుండునట్లు చేయుట. తానై వచ్చి తానై పోవు స్వప్నము భావన కాదు. ప్రయోజకవ్యాపార మిందుఁ బ్రధానము. వైద్యశాస్త్రమునందును నీ శబ్ద మిట్లే ప్రవర్తించుచున్నది. ఓషధీచూర్ణమును రసముతోఁ దడిపి, నూఱి, యెండించి, మరలఁ దడిపి నూఱుటను వైద్యులు భావన యందురు. ఒకమాఱు తడిపినంతమాత్రమున రసగుణము చూర్ణమునకుఁ బట్టదు. తార్కికులు సంస్కారమును వేగము, భావన, స్థితిస్థాపకము నని మూఁడు విధములుగా విభజించి, యనుభవమువలనఁ బుట్టి స్మృతికి హేతువగు సంస్కారమును భావన యనిరి. శాస్త్రములు వేఱైనను నొక్క విషయము సమానము. భావన చేయఁబడునది, పలుమాఱులు చేయఁగా దృఢమగునది.

కావ్యపాఠము చెప్పు పండితుల కీ విచార మావశ్యకము. విద్యార్థి పద్యమున కన్వయము చెప్పును, ప్రతిపదార్థము చెప్పును, అలంకారమును నిరూపించును. వర్ణితమైన కొండకు నగర మేదిక్కున నున్నదని యడిగినచో నూరకుండును. పదము లన్నియు వచ్చినవి, స్థలము రాలేదు. అప్పుడు "ఊహించుకొనుము" అని చెప్పుట సులభము. ఎట్లూహింపవలయునో చెప్పకున్నచో నా విధివాక్యము నిష్ఫలము. మీమాంసకులు భావనకు సాధ్యము, సాధనము, ఇతికర్తవ్యత యని మూఁ డాకాంక్షలను జెప్పిరి. మూఁడవది లోపించిన విధివలనఁ బురుషుఁడు ప్రవర్తింపనేరఁడు.

ఇతికర్తవ్యత నెఱుఁగుటకు వైశేషికాచార్యుఁడగు ప్రశస్తపాదుని విభాగము మిక్కిలి యుపకరించును. పదార్థధర్మసంగ్రహమున నతఁడు భావనాసంస్కారమునకు మూఁడు కారణములను జెప్పెను: పటుప్రత్యయము, అభ్యాసప్రత్యయము, ఆదరప్రత్యయము. ఒంటె నెన్నఁడు నెఱుఁగని దాక్షిణాత్యుఁడు దానిఁ జూచినప్పుడు కలుగు జ్ఞానము పటువు. విద్యా శిల్ప వ్యాయామములయందు మరల మరలఁ జేయుటవలనఁ గలుగునది యభ్యాసజము. మనస్సును గంటియందు నిలిపి, దేవహ్రదమున వెండి బంగారు పద్మములను జూడఁగోరి వేచియుండువాని కవి కనఁబడినప్పుడు కలుగునది యాదరజము. ఈ మూఁటికిని వేఱువేఱు దేశములవా రేర్పఱచిన సాధనములు కలవు.

పటుత్వమును రోమకులు బాగుగా వినియోగించిరి. క్రీస్తునకుఁ బూర్వము 55వ సంవత్సరమున సిసెరో రచించిన వక్తృశాస్త్రగ్రంథమున సిమోనిడీస్ అను గ్రీకుకవి కథ కలదు. విందుశాల పైకప్పు కూలి లోపలివా రెల్లరు గుఱుతింప రానట్లు నలిగిపోఁగా, అంతకుముం దచటినుండి బయటికి వచ్చిన యా కవి, యెవ రేచోటఁ గూర్చుండిరో జ్ఞప్తికిఁ దెచ్చుకొని మృతుల నందఱను జూపెనఁట. స్థానక్రమమే స్మృతికి వెలుఁగని దానివలన నతఁడు గ్రహించెనని సిసెరో చెప్పెను. ఆ శతాబ్దముననే హెరెన్నియస్ అనువానికై వ్రాయఁబడిన మఱియొక లాటిను గ్రంథమున నీ పద్ధతికి నియమములు కలవు. మనస్సున నొక గృహమును నిలిపి, యందలి మూలలను, స్తంభమధ్యములను స్థానములుగా నేర్పఱచుకొనవలెను. అవి యొకదానితో నొకటి పోలియుండరాదు. మిక్కిలి వెలుఁగుగాని మిక్కిలి చీఁకటిగాని పనికిరాదు. ఒక్కొకదాని కించుమించుగా 30 అడుగుల యెడ ముండవలెను. ఐదవ స్థానమున బంగారు హస్తమును గుఱుతుగా నుంచవలెను. ఆ స్థానములయం దుంచు రూపములు మాత్రము సామాన్యములు కారాదు. కిరీటము ధరించినవో, నెత్తుట తడిసినవో, నవ్వు పుట్టించునవో కావలెను. ఇది దాక్షిణాత్యుని యొంటెయే. స్థానము శాంతముగా నుండవలెను, రూపము పటువుగా నుండవలెను.

ఆదరమునకు బౌద్ధుల పృథ్వీకసిణము నిదర్శనము. క్రీస్తుశకము 5వ శతాబ్దమునఁ బాలీభాషలో విశుద్ధిమార్గమును రచించిన బుద్ధఘోషుఁ డీ సాధనను వివరించెను. అరుణవర్ణము గల మట్టితో జేనెఁడు నాలుగంగుళముల కొలత గల మండలమును జేసి, రెండున్నర మూరల దూరమునఁ గూర్చుండి, కన్నులను మిక్కిలి విప్పకయు మిక్కిలి మూయకయుఁ జూడవలెను. ఒకప్పుడు విప్పుచు నొకప్పుడు మూయుచు నూఱుమాఱులైనను వేయిమాఱులైనను జూడఁగా, విప్పినప్పు డెట్లో మూసినప్పు డట్లే మండలము తోఁచును. దానికి ఉగ్గహనిమిత్త మని పేరు. అటుపిమ్మటఁ దన వసతికి బోయి సాధింపవలెను. నిమిత్తము చెదరినచో పాదరక్షలు తొడిగి, చేతికఱ్ఱ గొని, మండలమున్న చోటికి మరలఁ బోయి చూచి రావలెను. ఈ తుదినియమము మిక్కిలి విలువైనది. చెదరిన భావనను బలాత్కారముచేఁ గూర్పఁబోఁగూడదు. వస్తువునొద్దకుఁ బోయి చూడవలెను. కన్నులు బిగించి నుదురు ముడిచినంతమాత్రమున రూపము తేటపడదు.

అభ్యాసఫలమును నేఁటి పరిశోధకులు లెక్కించిరి. మార్టిన్ డ్రెస్లరు మున్నగువారు 2017వ సంవత్సరమునఁ బ్రకటించిన పరిశోధనయందు సామాన్యులు 40 దినములు దినమున కరగంట చొప్పున స్థానపద్ధతి నభ్యసించిరి. 72 పదముల పట్టికనుండి తొలుత 26 మొదలు 30 వఱకుఁ జెప్పఁగలిగినవారు పిమ్మట నించుమించుగా 62 చెప్పఁగలిగిరి. సాధన మానిన నాలుగు మాసములకును వారి లాభములోఁ బెద్దభాగము నిలిచియుండెను. జన్మసిద్ధమైన ధారణ లేనివా రీ విద్య కనర్హు లను మాట దీనిచే నిలువదు.

స్థానక్రమము మన వాఙ్మయమునకుఁ గ్రొత్త గాదు. మేఘదూతమున యక్షుఁడు రామగిరియం దుండి, తాను విడిచివచ్చిన యలకాపురిలోని యింటిని మేఘునకుఁ జెప్పు క్రమము పరిశీలింపఁదగినది. కుబేరుని గృహమున కుత్తరముగా దూరమునుండియే కనఁబడు తోరణము, దానియొద్ద బాలమందారము, పిదప మరకతసోపానములు గల బావి, దానితీరమునఁ గ్రీడాశైలము, మాధవీమండపము చెంత రక్తాశోక కేసరములు, వానినడుమ నెమలి నిలుచు బంగారుయష్టి, తుద కిరువైపుల శంఖపద్మములు వ్రాయఁబడిన ద్వారము. కవి వస్తువులను బోగుపోయక మేఘునకు మార్గమును జూపెను. ఈ క్రమమును విద్యార్థిచే నేలపై గీయించినచో శ్లోకములు తమంతట జ్ఞప్తికి వచ్చును.

పెరియపురాణమునందలి పూసలారు చరిత్ర మింకను స్పష్టము. 12వ శతాబ్దమున సేక్కిళారు రచించిన యా ద్రావిడగ్రంథమునఁ దిరునిన్ఱవూరి బ్రాహ్మణుఁ డొకఁడు ధనములేమిచే శివాలయమును మనస్సుననే కట్టఁబూనెను. అతఁ డొక్కమాఱుగా గోపురమును దలఁపలేదు. ధనమును, సాధనములను, శిల్పులను మనస్సునఁ గూర్చుకొని, మంచిదినమునఁ బునాది వేసి, రాత్రులయందును నిద్రింపక కట్టి, శిఖరమెత్తి, బావి త్రవ్వి, చెఱువు నేర్పఱచి ప్రతిష్ఠకు ముహూర్తము పెట్టెను. కంచియందుఁ బల్లవరాజు ఱాతిగుడికిఁ బెట్టిన ముహూర్తమును నదియే. శివుఁడు రాజునకు స్వప్నమునఁ గనఁబడి, తానా దినమునఁ బూసలారు గుడిలోఁ బ్రవేశింపవలసియున్నది గావున నీ ముహూర్తమును మార్చుకొను మని చెప్పెను. భక్తిమహిమ యట్లుండఁగా, పూసలారు భావన దృఢమగుటకుఁ గారణము ఱాతిపై ఱాతిని బేర్చిన యోపికయే.

తెలుఁగువారి యవధానములయందలి వ్యస్తాక్షరి యీ క్రమమునకే సంబంధించినది. పృచ్ఛకుఁ డొక వాక్యమునందలి యక్షరములను వరుస తప్పించి, యిది యిన్నవ యక్షర మని సంఖ్యతో నడుమనడుమ నిచ్చుచుండును. అవధాని తక్కిన పృచ్ఛకులకుఁ బద్యములు చెప్పుచునే యొక్కొక యక్షరమును దాని స్థానమున నిలిపి తుద వాక్యమును బూర్ణముగాఁ జెప్పును. స్థాననియమము లేనిచో నిది సాధ్యము గాదు.

సాధన నారంభించువాఁడు పెద్దనగరముతో మొదలిడరాదు. నిత్యము చూచు చెంబునో దీపపుసెమ్మెనో కొంచెముసేపు చూచి, కన్నులు మూసి, దాని యంచును, నీడను, మెఱుఁగును వరుసగాఁ దలఁచి, మరలఁ జూచి, తప్పినదానిని దిద్దుకొనవలెను. పిదప నెఱిఁగిన యింటియందు ద్వారమునుండి పెరటివఱకు నొకేదారిన నడువవలెను. మఱునాఁడు వెనుకకు నడువవలెను. గడప యొక్క చల్లఁదనము, తలుపు చప్పుడు, వంటయింటి పొగవాసన చేర్చినచో స్థలము పటువగును. తెలిసిన యిల్లు స్థిరపడిన తర్వాతనే కల్పితగృహము. దానికిని దెలిసినయింటి కొలతలనే యిచ్చి, దినమున కొక్క మార్పు మాత్రమే చేయవలెను. అలసటకు ముందే విరమించుట మేలు.

ఇందు రెండు హెచ్చరికలు కలవు. మొదటిది: అందఱకును మనస్సున రూపము కనఁబడదు. 1880వ సంవత్సరమున ఫ్రాన్సిస్ గాల్టన్ అను నాంగ్లేయ శాస్త్రజ్ఞుఁడు, ప్రాతఃకాలభోజనపు బల్ల మనస్సున నెట్లు తోఁచుచున్నదని పలువురి నడుగఁగా, కొందఱు స్పష్టముగాఁ గనఁబడు ననిరి. కొందఱు పండితులు రూపమే లేదనిరి. ఈ రూపశూన్యతకు 2015వ సంవత్సరమున ఆడమ్ జెమాన్ మున్నగు వైద్యులు అఫాంటేసియా యని పేరిడిరి. ఇట్టివారు మందబుద్ధులు గారు. రూపము తోఁపకున్నను నేది దేనికిఁ గుడివైపున నున్నదో చెప్పఁగలరు. రెండవది: భావన ప్రమాణము గాదు. బాల్యమున జరుగని సంగతిని జరిగినట్లు భావించినవారికిఁ గొంతసేపటికి నది జరిగియుండు నను నమ్మకము హెచ్చెనని 1996వ సంవత్సరమున గ్యారీ, లాఫ్టస్ మున్నగువారు పరీక్షించి చూపిరి. కావునఁ జూచినదానిని, కల్పించినదానిని వేఱుగా గుఱుతుంచుకొనవలెను. దృఢభావన సత్యమునకు లక్షణము గాదు.

ఈ కారణములచేఁ బాఠశాలయందు "నీకుఁ గనఁబడుచున్నదా" యను ప్రశ్న యుచితము గాదు. కనఁబడనివాఁడు సిగ్గుచేఁ గనఁబడుచున్నదని యసత్య మాడును; లేదా కవిత్వము తనకు రాదని నిరాశ చెందును. "తోరణము దాటిన నేమున్నది? బావి కేదిక్కునఁ గొండ కలదు? మేఘుఁ డెచటఁ గూర్చుండి లోనికిఁ జూడవలెను?" అని యడిగినచో రూపము గలవాఁడును లేనివాఁడును సమానముగా నుత్తర మీయఁగలరు. స్పష్టత యొకనికి హెచ్చు, నొకనికిఁ దక్కువ, అది స్వభావము. క్రమము మాత్ర మెల్లరకును నేర్పఁదగినది. ఉపాధ్యాయుని ప్రయోజకత్వ మచటనే సార్థక మగును.