యోని ఈస్ట్రోజెన్ చికిత్స

యోని ఈస్ట్రోజెన్ చికిత్స అనగా ముట్లుడిగిన స్త్రీలలో యోని, మూత్రమార్గాల లోపలి పొరలు పలుచబడి పొడిబారినపుడు, ఈస్ట్రోజెన్ అనే హార్మోనును స్వల్ప మోతాదులో నేరుగా ఆ భాగానికే అందించే వైద్య పద్ధతి. దీనిని క్రీము, చిన్న మాత్ర లేదా వలయం రూపంలో వాడతారు. నోటి ద్వారా తీసుకునే హార్మోను మాత్రలకూ దీనికీ పేరులో పోలిక ఉన్నా, శరీరంలోకి చేరే హార్మోను పరిమాణంలో చాలా తేడా ఉంది. ఈ తేడా తెలియక ఎందరో స్త్రీలు చికిత్సకు భయపడి, ఏళ్ళ తరబడి మంట, దురద, మూత్ర సంబంధమైన బాధలను భరిస్తున్నారు.

రజోనివృత్తి - శరీరంలో మార్పులు

ఒక స్త్రీకి వరుసగా 12 నెలలు ఋతుస్రావం కానట్లయితే, దానికి వేరే కారణం లేనపుడు, ఆ స్థితిని రజోనివృత్తి లేదా ముట్లుడుగుట అంటారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46 ఏళ్ళ ప్రాయంలో సంభవిస్తుంది. పాశ్చాత్య దేశాలలో సగటు వయస్సు సుమారు 51 ఏళ్ళు. ఈ దశలో అండాశయాలు ఈస్ట్రోజెన్ ఉత్పత్తిని దాదాపు నిలిపివేస్తాయి.

యోని లోపలి పొర మందంగా, తేమగా ఉండడానికి ఈస్ట్రోజెన్ అవసరం. ఈ హార్మోను ప్రభావం వలన ఆ పొరలోని కణాలలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలువ ఉంటుంది. యోనిలో సహజంగా నివసించే లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు, దాని నుండి లభించే చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగు పులియడానికి కారణమైన సూక్ష్మజీవులు ఈ జాతికి దగ్గరివే. ఈ ఆమ్లం వలన యోనిలో పి.హెచ్. విలువ 3.5 నుండి 4.5 వరకు ఉండి, హానికరమైన సూక్ష్మజీవులు పెరగకుండా అడ్డుకుంటుంది.

ఈస్ట్రోజెన్ తగ్గినపుడు పొర పలుచబడుతుంది, గ్లైకోజెన్ తగ్గుతుంది, లాక్టోబాసిల్లస్‌లు క్షీణిస్తాయి, పి.హెచ్. 5 దాటుతుంది. అపుడు మలమార్గం వద్ద ఉండే ఈ.కోలి వంటి సూక్ష్మజీవులు యోని ముఖద్వారం వద్ద స్థిరపడి, అక్కడినుండి మూత్రాశయంలోకి ప్రవేశిస్తాయి. మూత్రమార్గం, మూత్రాశయం దిగువ భాగం కూడా ఈస్ట్రోజెన్ మీద ఆధారపడినవే కనుక అవి కూడా బలహీనపడతాయి.

లక్షణాలు

* యోనిలో పొడిదనం, మంట, దురద
* దాంపత్య సమయంలో నొప్పి, ఒక్కొక్కసారి స్వల్ప రక్తస్రావం
* మూత్రం పోసేటపుడు మంట
* మాటిమాటికీ మూత్రానికి పోవలసి రావడం, ఆపుకోలేకపోవడం
* మూత్రమార్గ ఇన్ఫెక్షన్లు పదేపదే రావడం

పూర్వం ఈ స్థితిని యోని క్షీణత అనేవారు. ఆ పేరు మూత్ర సంబంధమైన లక్షణాలను సూచించకపోవడం వలన, 2014లో అంతర్జాతీయ వైద్య సంఘాలు రజోనివృత్తి జననాంగ-మూత్రమార్గ లక్షణ సముదాయం అనే అర్థం వచ్చే పేరును స్వీకరించాయి. రజోనివృత్తిలో వచ్చే ఒంటి ఆవిర్లు చాలామందిలో కొన్నేళ్ళకు తగ్గిపోతాయి. ఈ లక్షణాలు అలా తగ్గవు. చికిత్స లేకుంటే వయస్సుతోపాటు పెరిగే అవకాశమే ఎక్కువ.

తెలుగు ప్రాంతాలలో పరిస్థితి

తెలుగు రాష్ట్రాలలో ఈ విషయానికి అదనపు ప్రాముఖ్యత ఉంది. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ వయస్సు స్త్రీలలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స అయినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఈ శస్త్రచికిత్స జరిగినపుడు స్త్రీల మధ్యగత వయస్సు 34 ఏళ్ళు. అనవసరమైన గర్భసంచి తొలగింపులను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం రూపొందించిన మార్గదర్శకాలను అమలుపరచాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచితోపాటు రెండు అండాశయాలను కూడా తీసివేస్తే, ఆ స్త్రీకి ఏ వయస్సులోనైనా వెంటనే రజోనివృత్తి కలుగుతుంది. అండాశయాలను ఉంచినా, అవి మామూలుకంటే కొన్నేళ్ళు ముందుగా పనిచేయడం మానివేసే అవకాశం ఉంది. అయితే గర్భసంచి లేనందున ఆమెకు ఋతుస్రావం అప్పటికే నిలిచిపోయి ఉంటుంది. కాబట్టి అండాశయాలు ఎపుడు ఆగిపోయాయో తెలిపే ప్రధానమైన గుర్తు ఆమెకు ఉండదు. 40 ఏళ్ళ స్త్రీకి మూత్రంలో మంట మొదలైతే, అది రజోనివృత్తి వలన కావచ్చునన్న ఆలోచన ఆమెకు గానీ, ఇంటివారికి గానీ కలగడం కష్టం. శస్త్రచికిత్సలో అండాశయాలను తీశారా, ఉంచారా అన్న సంగతి డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని భద్రపరచుకోవడం ఎంతో ఉపయోగకరం.

గ్రామాలలో మూత్రంలో మంటను ఒంట్లో వేడిగా భావించి మజ్జిగ, బార్లీ నీళ్ళు, సబ్జా గింజల నీళ్ళు తాగడం వాడుక. నీరు ఎక్కువగా తాగడం మంచిదే కానీ, పలుచబడిన పొరను అది తిరిగి బలపరచలేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్‌లు ఇన్ఫెక్షన్ ఉంటే దానిని తగ్గించగలవు కానీ, అది మళ్ళీమళ్ళీ రావడానికి గల కారణాన్ని తొలగించలేవు. పైగా పరీక్ష లేకుండా వాటిని పదేపదే వాడితే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవుతాయి.

మేడ్చల్ - శామీర్‌పేట ప్రాంతం

మేడ్చల్, శామీర్‌పేట మండలాలు హైదరాబాదు నగరానికి ఉత్తరపు అంచున, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నాయి. టీకాలు, ఔషధాల పరిశోధనకు పేరుపొందిన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాలలో విస్తరించి ఉంది. మేడ్చల్ సమీపంలోని ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. దీనికి అనుబంధంగా పనిచేసే షేర్ ఇండియా సంస్థ మేడ్చల్ మండల గ్రామాలలో తల్లీబిడ్డల ఆరోగ్యం, గర్భాశయ ముఖద్వార కేన్సరు వంటి అంశాలపై పనిచేసింది. అంటే ఈ ప్రాంతంలో స్త్రీ వైద్య నిపుణులు దూరంగా లేరు. దూరమల్లా బాధను నోరు తెరచి చెప్పడంలో ఉంది. మనుమలున్న వయస్సులో యోని గురించి, దాంపత్యం గురించి మాట్లాడడం తగదన్న సంకోచమే ఇందుకు కారణం.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే కార్యక్రమాన్ని మొదట 100 కేంద్రాలలో ప్రారంభించింది. ప్రతి మంగళవారం స్త్రీలకు మాత్రమే సేవలందించే విధంగా రూపొందించిన ఈ కార్యక్రమంలో, మూత్రమార్గ ఇన్ఫెక్షన్లు, రజోనివృత్తి సమస్యలు రెండింటినీ చేర్చారు. స్త్రీ వైద్యురాలి ఎదుట "మూత్రంలో మంట మాటిమాటికీ వస్తోంది, ముట్లు ఆగి ఇన్నేళ్ళయింది" అని చెప్పగలిగితే, సగం రోగనిర్ణయం జరిగినట్లే.

చికిత్స విధానం

బాధ స్వల్పంగా ఉన్నపుడు ముందుగా హార్మోను లేని తేమ క్రీములు, దాంపత్య సమయంలో నీటి ఆధారిత జెల్లులు వాడతారు. సబ్బు, డెట్టాలు వంటి వాటితో యోని లోపల కడగరాదు. వీటితో ఉపశమనం లేనపుడు, లేదా ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తున్నపుడు యోని ఈస్ట్రోజెన్ సూచిస్తారు. భారతదేశంలో ఎస్ట్రియాల్ క్రీము ఎక్కువగా వాడుకలో ఉంది. సాధారణంగా మొదటి 2 వారాలు ప్రతి రాత్రి, తరువాత వారానికి 2 సార్లు వాడతారు. కొన్ని వారాలలో ఉపశమనం మొదలవుతుంది. పూర్తి ఫలితానికి 12 వారాల వరకు పట్టవచ్చు. వాడకం మానివేస్తే లక్షణాలు తిరిగి వస్తాయి కనుక దీర్ఘకాలం వాడవలసి రావచ్చు.

1993లో రాజ్, స్టామ్ అనే వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, ఎస్ట్రియాల్ క్రీము వాడిన స్త్రీలకు ఏడాదికి సగటున 0.5 సార్లు మూత్ర ఇన్ఫెక్షన్ రాగా, మందులేని క్రీము వాడినవారికి 5.9 సార్లు వచ్చింది.

అండాశయాలు తీసివేసిన పిన్న వయస్కులకు ఎముకలు, గుండె రక్షణ కొరకు శరీరమంతటికీ పనిచేసే హార్మోన్ చికిత్స కూడా అవసరం కావచ్చు. యోని క్రీము దానికి ప్రత్యామ్నాయం కాదు.

భద్రత - అపోహలు

హార్మోన్లంటే కేన్సరు అన్న భయానికి మూలం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలను నోటి ద్వారా తీసుకున్న స్త్రీలలో రొమ్ము కేన్సరు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం కొంత పెరగడంతో 2002లో ఆ భాగాన్ని నిలిపివేశారు. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈస్ట్రోజెన్ మందులన్నిటిపై హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. యోనిలో వాడే స్వల్ప మోతాదు మందులకు కూడా అదే హెచ్చరిక వర్తించింది.

మోతాదులను పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 10 మైక్రోగ్రాముల యోని మాత్రను మొదటి 2 వారాలు రోజూ, ఆపై వారానికి 2 చొప్పున వాడితే ఏడాదికి 114 మాత్రలు, అనగా మొత్తం 1.14 మిల్లీగ్రాముల ఎస్ట్రడయాల్ అవుతుంది. నోటి ద్వారా తీసుకునే మాత్రలో సాధారణంగా ఒక్కరోజు మోతాదే 1 మిల్లీగ్రాము. 45 వేలకు పైగా స్త్రీలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, యోని ఈస్ట్రోజెన్ వాడినవారిలో రొమ్ము కేన్సరు, గర్భాశయ కేన్సరు, గుండెజబ్బులు పెరిగినట్లు కనిపించలేదు. 2025 నవంబరులో అమెరికా సంస్థ ఈ హెచ్చరికలలో చాలావాటిని తొలగించే ప్రక్రియను ప్రారంభించినట్లు ప్రకటించింది.

జాగ్రత్తలు

* ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా, పొడిదనమే కారణమని సరిపెట్టుకోకుండా వైద్యురాలికి చూపించాలి. అది గర్భాశయ కేన్సరుకు తొలి సూచన కావచ్చు.
* రొమ్ము కేన్సరు వచ్చినవారు ముందుగా హార్మోను లేని పద్ధతులు వాడాలి. కేన్సరు వైద్యుని సలహాపైనే ఈస్ట్రోజెన్ గురించి నిర్ణయించుకోవాలి.
* దురదకు మధుమేహం, శిలీంధ్ర ఇన్ఫెక్షన్, చర్మవ్యాధులు కూడా కారణం కావచ్చు. రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది.
* మూత్ర ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నపుడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి.
* వాడే మందు పేరు, మోతాదు వైద్యురాలు నిర్ణయించాలి. ఒకరికి వ్రాసిన క్రీమును మరొకరు వాడరాదు.