5.4 బాహ్య ఆధారాలు: పిప్ తీసుకురాని భాగాలు

పైథాన్ మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దానికి అవసరమైన ఇతర పైథాన్ ప్యాకేజీలను పిప్ తీసుకువస్తుంది. అయితే కొన్ని మాడ్యూళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్‌లో విడిగా ఉండవలసిన ప్రోగ్రాములు, లైబ్రరీలు, డేటా ఫైళ్లు కూడా కావాలి. వీటిని బాహ్య ఆధారాలు అంటారు.

5.4.1 ఉదాహరణ

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గురించి అచ్చయిన ఒక తెలుగు పుటను మీరు స్కాన్ చేశారనుకోండి. అందులోని అక్షరాలను గుర్తించడానికి పైటెసెరాక్ట్ మాడ్యూల్‌ను పిప్‌తో ఇన్‌స్టాల్ చేశారు. దోషమేదీ రాలేదు. కానీ ప్రోగ్రామును నడిపితే 'టెసెరాక్ట్ ఇన్‌స్టాల్ కాలేదు లేదా పాత్‌లో లేదు' అనే అర్థంలో సందేశం వస్తుంది. కారణమేమిటి?

పైటెసెరాక్ట్ మధ్యవర్తి మాత్రమే. అక్షరాలను గుర్తించేది టెసెరాక్ట్ అనే వేరే ప్రోగ్రాము. దీన్ని 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో రూపొందించారు. 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. కాబట్టి మాడ్యూల్‌ను ఎన్నిసార్లు తిరిగి ఇన్‌స్టాల్ చేసినా ప్రయోజనం ఉండదు. ఉబుంటులో ఆప్ట్ ద్వారా టెసెరాక్ట్‌ను, దాని తెలుగు డేటా ప్యాకేజీని విడివిడిగా కోరాలి.

ఇక్కడ ఒక ప్రమాదం గమనించండి. ప్రోగ్రాములో భాషను పేర్కొనకపోతే టెసెరాక్ట్ ఇంగ్లిష్‌గా భావిస్తుంది. దోష సందేశం ఇవ్వదు. అర్థంలేని అక్షరాలను ఇస్తుంది. భాషా సంకేతంగా 'టీ, ఈ, ఎల్' అనే మూడు ఆంగ్ల అక్షరాలను తప్పక ఇవ్వాలి.

5.4.2 ఇన్‌స్టాల్ సమయంలోనే వచ్చే దోషం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో పనిచేసే సైకోపీజీ2 మాడ్యూల్ సోర్స్ నుంచి కంపైల్ అవుతున్నప్పుడు సి కంపైలర్, పైథాన్ హెడర్ ఫైళ్లు, పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ హెడర్ ఫైళ్లు కావాలి. ఇవి లేకపోతే ఇన్‌స్టలేషన్ మధ్యలోనే ఆగుతుంది. అభ్యాసానికి, ముందే కంపైల్ చేసిన 'బైనరీ' ప్యాకేజీని వాడుకోవచ్చు.

5.4.3 పాటించవలసిన క్రమం

1. దోషం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చిందా, నడిపేటప్పుడు వచ్చిందా చూడండి.
2. సందేశంలో పేర్కొన్న ప్రోగ్రాము లేదా ఫైలు పేరు గుర్తించండి.
3. దాన్ని సిస్టమ్ ప్యాకేజీ మేనేజర్‌తో ఇన్‌స్టాల్ చేయండి. దీనికి సాధారణంగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. అధ్యయన కేంద్రం కంప్యూటర్‌ను వాడేవారు ప్రయోగ తరగతికి ముందే జాబితా ఇవ్వడం మంచిది.
4. కమాండ్ లైన్‌లో ఆ ప్రోగ్రామును నేరుగా నడిపి చూసి, ఆ తర్వాతే పైథాన్‌కు రండి.
5. పిప్ రిక్వైర్‌మెంట్స్ ఫైలులో బాహ్య ఆధారాలు నమోదు కావు. వాటి పేర్లు, వెర్షన్లు ప్రాజెక్టు వివరణలో రాయండి. లేకపోతే మీ ప్రాజెక్టు మీ కంప్యూటర్‌లో పనిచేసి, పరీక్షకుల కంప్యూటర్‌లో ఆగిపోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

తెలుగు పుటను ఇస్తే ప్రోగ్రాము దోషం చూపకుండా అర్థంలేని ఆంగ్ల అక్షరాలను ఇచ్చింది. మొదట ఏమి పరిశీలిస్తారు? ఎందుకు?