వేరుబొడిపెల సూక్ష్మజీవులు – ఎండవేడి

పప్పుజాతి పైరుల వేళ్లపై నుండు బొడిపెలను రైతుసోదరు లందఱు నెఱుంగుదురు. వానిలో వసించు రైజోబియమను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరున కాహారముగా మార్చి యిచ్చును. ఇట్టి యుపకారులకు ఎండవేడి గొప్ప శత్రువు. దానిని అవి యెదుర్కొను విధమును మే మిచట వివరింతుము.

సోయాచిక్కుడు వేళ్లలో నుండు జాతికి 30 డిగ్రీల వేడి హితము. వేడి 40 డిగ్రీలు దాటినచో దానిలోని మాంసకృత్తులు, ఉడికిన గ్రుడ్డుసొనవలె, రూపుచెడి ముద్దకట్ట నారంభించును. అప్పుడు కొన్ని కావలి మాంసకృత్తులు పుట్టి, చెడుచున్నవానిని పట్టి నిలుపును.

వేడి వచ్చినదని యా జీవి కెట్లు తెలియును? కావలి మాంసకృత్తును చేయుటకు జన్యువునుండి వచ్చు ఆజ్ఞాపత్రము ఆర్.ఎన్.ఏ. యను దారము. చల్లగా నున్నప్పుడు దాని మొదలు మడతపడి యుండును. చదువ నారంభింపవలసిన చోటు ఆ మడతలో దాగియుండును. వేడి హెచ్చగనే మడత వీడును. రైబోసోమను యంత్రము దానిని చదివి పని మొదలిడును. చల్లబడినచో మరల మడతపడును. ఈ కట్టడిని జ్యూరిచ్ నగర శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిరి. వేడిని కొలుచునది ఆ దారమే యని 2001లో తేలినది.

అయినను ఈ రక్షణకు హద్దు కలదు. కావున రైజోబియము పొట్లములను ఎండలో నుంచరాదు. బెల్లపునీరు కాచినచో పూర్తిగా చల్లారిన పిమ్మటనే కలుపవలెను. విత్తనములకు నీడలో పట్టించి, నీడలోనే ఆరబెట్టి, ఆ దినముననే పదునున్న నేలలో విత్తవలెను. చచ్చిన సూక్ష్మజీవులకై వెచ్చించిన సొమ్ము వ్యర్థమే యని సభ్యులకు మనవి చేయుచున్నాము.