ఒక్క రాత్రి అడ్మిట్ అయితే స్కానింగ్ డబ్బులు వస్తాయా?

"ఒక్క రాత్రి అడ్మిట్ అయిపోండి, ఎంఆర్ఐ డబ్బులు ఇన్సూరెన్సులో వచ్చేస్తాయి." గూడూరు నుంచి బందరుకో బెజవాడకో స్కానింగ్‌కి బయల్దేరేవాళ్లకు ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. మంచికే చెబుతారు, కానీ క్లెయిము తిరిగొచ్చేది సరిగ్గా అక్కడే.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ మినహాయింపులను ఒకే మాటల్లో ఖాయం చేసింది. పాలసీ పుస్తకంలో 04 అన్న కోడ్ దగ్గర చూడండి. ప్రధానంగా పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. చేరిన జబ్బుతో సంబంధం లేని పరీక్షలకూ ఇవ్వరు. స్కాన్ వెనక వైద్యం ఉండాలి, అంతే.

ఊడ్పులకు వంగి నడుం పట్టేసిన మనిషినే తీసుకోండి. చీటీ మీద డాక్టరు గారు 'నడుం నొప్పి, ఎంఆర్ఐ' అని గీకి ఇస్తే, కంపెనీలో కూర్చుని చూసే డాక్టరుకు ఏం అర్థమవుతుంది? మామూలు నడుం నొప్పికి తొలి వారాల్లో స్కాన్ అక్కర్లేదన్నది వైద్యులు ఒప్పుకునే మాటే. అమెరికాలో ఉన్న మన పిల్లలను అక్కడి కంపెనీలు ముందు ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ చూసుకుని రమ్మని తిప్పి పంపేది ఈ లెక్కతోనే. విసుగే గానీ, అందులో న్యాయం లేకపోలేదు. అదే పాదం పైకి లేవకపోయినా, ఒంటేలు పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకూడదు. అందుకే ఎన్నాళ్లుగా నొప్పి, ఏ కాలు తిమ్మిరి, ఏ మందులు వాడారు, దేన్ని అనుమానిస్తున్నారు, ఇవన్నీ చీటీలో రాయమని డాక్టరు గారిని అడగండి. మొహమాటం వద్దు.

స్కాన్ తర్వాత ఆపరేషన్ అవసరమైతే ఆ బిల్లుకు విలువొస్తుంది. 'ఆరోగ్య సంజీవని' పాలసీలో ఆస్పత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజులు అదే జబ్బుకు పెట్టిన ఖర్చు అడగొచ్చు. చీటీ, బిల్లు, రిపోర్టు మూడూ దాచుకోండి. మూడింటి మీదా పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే అదో తిరుగుడు. చేరకుండా తీయించుకున్న స్కాన్‌కు డబ్బు రావాలంటే మాత్రం పాలసీలో ఓపీ కవర్ ఉండాల్సిందే.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, దారి వేరు. అక్కడ ప్యాకేజీలోనే పరీక్షలు కలిసి ఉంటాయి. అనుమతి కోసం రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టే పని ఆస్పత్రిదే. కాబట్టి బయట డబ్బు పోసి స్కాన్ తీయించుకునే ముందు ఆస్పత్రిలోని వైద్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి.

ప్రైవేటు పాలసీలో క్యాష్‌లెస్ అడిగితే గంటలోపు ఏదో ఒకటి తేల్చాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ చెప్పింది. కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి, ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.