మామిడి: చిల్లర బండిపై తరుగు భారం

ఫిల్మ్‌నగర్‌లో బంగినపల్లి మామిడిపండ్లు కొనబోతే, బండి వద్ద ఉన్నామె ధర చెప్పకముందే "ఇవాళకా సార్, ఎల్లుండికా?" అని అడిగింది. చిల్లర వర్తకంలోని కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది.

1986లో గడ్డిఅన్నారంలో ఏర్పడిన పండ్ల మార్కెట్ 2021-22లో విజయవాడ రహదారిపైని బాటసింగారానికి తరలింది. నగరానికి పడమటనున్న ఫిల్మ్‌నగర్ బండ్లకు దూరం పెరిగింది. దానితో కిరాయి, దారిలో కాయకు తగిలే దెబ్బలు కూడా పెరిగాయి.

టోకున రాశి మొత్తానికి ఒకే ధర పలుకుతుంది. బండి వద్ద గిరాకీదారు ఏరి కొంటాడు. ఏరగా మిగిలినదీ, మెత్తబడినదీ బండి ఖాతాకే. "పైవి అమ్మితే అసలు వస్తుంది సార్, అడుగువి పోతేనే నా కూలి" అన్నదామె.

మాగబెట్టేందుకు కార్బైడ్ నిషిద్ధం. ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం వరకు అనుమతి ఉన్నది. అయితే ఒకేసారి మాగిన సరుకు ఒకేసారి చెల్లిపోవాలి. బండికి కావలసినది రోజుకు కొంతగా మాగే కాయ.

కమీషన్ వర్తకులు మాగుదలను బట్టి పెట్టెలు విడదీసి అమ్మితే తరుగు తగ్గుతుంది. అడుగు పెట్టె అమ్ముడుపోయిన బండే మర్నాడు మళ్లీ మార్కెట్‌కు వస్తుంది.