కర్మాగారాల చెంత.. ప్రయోగశాలకు దూరం!

సంగారెడ్డి: తెల్లవారకముందే ముంబయి జాతీయ రహదారి మేల్కొంటుంది. పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ వరకు కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు బారులు తీరుతాయి. వాటిలో చున్నీ ముఖానికి చుట్టుకున్న ఆడపిల్లలూ కనిపిస్తారు. పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి పరిశ్రమల్లో అడుగుపెట్టే వీరిలో చాలామందికి దక్కేది ప్యాకింగ్, లేబుళ్లు అంటించడం, సీసాలు సరిచూడటం వంటి పనులే. అదే ప్రహరీ లోపల మందుల నాణ్యతను తేల్చే ప్రయోగశాల కూడా ఉంటుంది. అందులో కొలువు దొరకాలంటే కెమిస్ట్రీతో డిగ్రీయో, ఫార్మసీయో చదివి ఉండాలి. పదో తరగతితో చదువు ఆపినవారికి, ఇంటర్‌లో సైన్సు వదిలేసినవారికి ఆ తలుపు తెరుచుకోదు.

శాస్త్ర విజ్ఞానం విషయంలో ఈ జిల్లా పేదది కాదు. మెట్ట పంటలపై పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులోనే వెలిసింది. ఆ సంస్థ శాస్త్రవేత్తల సారథ్యంలో కంది పంట జన్యుక్రమం 2011లో వెలువడింది. జహీరాబాద్, నారాయణఖేడ్ చేలల్లో మన రైతులు వేసేది ఆ కందినే. ఇక కంది పేరుగల ఊళ్లోనే ఐఐటీ హైదరాబాద్ ఉండటం కాకతాళీయం. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తరగతులు ప్రారంభించిన ఆ సంస్థ అనంతరం కందికి తరలింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల సరేసరి. ఇన్ని ఉన్నా చుట్టుపక్కల గ్రామాల బాలికకు ఐఐటీ అంటే బస్సు కిటికీలోంచి కనిపించే పెద్ద భవనమే.

కారణాలు అందరికీ తెలిసినవే. ఊళ్లో పదో తరగతి వరకే బడి. జూనియర్ కళాశాలకు వెళ్లాలంటే బస్సు వేళలు కుదరవు. ఎంపీసీ అంటే కోచింగ్ ఫీజు భయం. ఉన్న కాస్త సొమ్మును కొడుకు చదువుకు దాచి, కూతురిని ‘తేలికైన’ గ్రూపులో చేర్పించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. పాఠశాలల్లో పరీక్షనాళిక చేతపట్టకుండానే రసాయనశాస్త్రం ముగించే పిల్లలూ ఉన్నారు. ఈ లోపాన్ని తల్లిదండ్రులపై నెట్టివేయడం న్యాయం కాదు.

నీళ్లలో ఏముందో చెప్పేదెవరు?

సైన్సు చదువు ఈ ప్రాంతానికి ఉద్యోగం కోసమే కాదు, ప్రాణావసరం కూడా. దశాబ్దాల పాటు నక్కవాగు వెంబడి రైతులు నీరు చెడిందని మొరపెట్టుకున్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు తేల్చారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. మన వాగు సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది విదేశీ ప్రయోగశాల ద్వారా కావడం ఆలోచించదగిన విషయం.

ఇటువంటి పరీక్షలకు మూలాధారం హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం. ద్రవంలో కరిగించిన నమూనాను అధిక పీడనంతో సన్నని గొట్టం గుండా పంపుతారు. గొట్టంలో దట్టించిన పొడిని ఒక్కో పదార్థం ఒక్కో తీరున అంటిపెట్టుకుంటుంది గనుక అవి వేర్వేరు సమయాల్లో బయటపడతాయి. తెరపై శిఖరాల్లా గీతలు వస్తాయి. గీత వచ్చిన సమయాన్నిబట్టి పదార్థాన్ని, దాని వైశాల్యాన్నిబట్టి పరిమాణాన్ని లెక్కిస్తారు. మందుల పరిశ్రమలో నాణ్యత విభాగం వారి నిత్యకృత్యం ఇదే. ఓపిక, కచ్చితత్వం ఉంటే బీఎస్సీ చదివిన అమ్మాయి కొద్ది నెలల్లో నేర్వగలదు.

ఉత్పత్తి విభాగంలో మాత్రం మహిళలు అరుదు. రాత్రి 7 నుంచి ఉదయం 6 గంటల వరకు వారితో పని చేయించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. మూడు షిఫ్టుల పరిశ్రమ అందువల్ల పురుషులవైపే మొగ్గింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ప్రకారం మహిళ సమ్మతించి, తగిన భద్రత కల్పిస్తే రాత్రి విధులూ ఇవ్వవచ్చు. అయితే 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలను బలిగొన్న తర్వాత కన్నవారి జంకు సహజమే. రక్షణ ఏర్పాట్లు, ఇంటివరకు వాహనం లేనిదే కాగితంపై అనుమతి వల్ల ఒరిగేదేమీ లేదు.

దారులివీ..

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు. ఆపై ఈసెట్ ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ప్రవేశం లభిస్తుంది. ఇంటర్ ఖర్చుకు, కోచింగ్‌కు వెనుకాడే కుటుంబాలకు ఇది అనువైన మార్గం. బైపీసీ వారు ఈఏపీసెట్ ద్వారా ఫార్మసీకి వెళ్లవచ్చు. ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్లలో మూడో వంతు ప్రతి కేటగిరీలోనూ బాలికలకే. స్థానిక కోటా కోసం తొమ్మిది నుంచి ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. బీహార్, ఒడిశాల నుంచి వచ్చి స్థిరపడిన కార్మికుల పిల్లలను నడుమ సొంతూరి బడికి పంపితే నష్టపోయేది ఇక్కడే.

ఐఐటీల్లో 2016లో చేరినవారిలో అమ్మాయిలు సుమారు 8 శాతమే. దీంతో 2018 నుంచి వారికి అదనపు సీట్లు సృష్టించారు. 2020 నాటికి 20 శాతాన్ని లక్ష్యంగా నిర్దేశించారు. అబ్బాయిల సీట్లు తగ్గవు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత మాత్రం తప్పనిసరి.

ఏఐసీటీఈ గుర్తింపు గల కళాశాలలో డిప్లొమా, ఇంజినీరింగ్‌లో చేరిన బాలికలకు ‘ప్రగతి’ ఉపకార వేతనం ఉంది. కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షలు మించరాదు. ఏటా రూ.50 వేల చొప్పున ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. జాతీయ ఉపకార వేతనాల పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పదో తరగతి ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉంటే చిక్కులు తప్పవు. ఇంటిపేరు ముందుందా, వెనకుందా అన్నది కూడా వేసవి సెలవుల్లోనే మీసేవ కేంద్రంలో సరిచేయించుకోవడం మేలు.